నొప్పి తెలియని కన్ను

కంటి ఆసుపత్రిలో ఆవిణ్ణి అందరూ చుక్కలక్క అనేవాళ్లు. డాక్టరుగారి గది బయట బెంచీ మీద వరసగా కూర్చున్నవాళ్ల కళ్లల్లో మందు చుక్కలు వేయడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. ఆ పేరు కొత్తగా విని ఎవరైనా ముసిముసిగా నవ్వితే, "నా చుక్కకి కన్ను ఒక్కటే మత్తెక్కుతుంది నాయనా, తల పైకెత్తు" అనేది.

తమ్ముడు గేట్లూ గ్రిల్లులూ చేసే షెడ్డులో వెల్డరు. చిన్న అతుకులే కదా అని నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా వేసేవాడు. ఒకరోజు కళ్లల్లో ఇసుక పోసినట్టుందంటూ, నీళ్లు కార్చుకుంటూ అక్క దగ్గరికి వచ్చాడు. ఆవిడ ప్రాణం ఉసూరుమంది. పరీక్షకి ముందు కన్ను మొద్దుబారడానికి వేసే చుక్కల సీసా ఒకటి ఆసుపత్రి నుంచి తెచ్చింది. అది ఇంటికి ఇవ్వకూడదు. రోగులెవరైనా అడిగితే తనే కసిరి పంపేది.

"ఒక్కసారికేరా" అంది.

మంట చేత్తో తీసేసినట్టు పోయింది. "నువ్వు దేవతవక్కా!" అన్నాడు. ఆ మాటకి ఆవిడ పొంగిపోయింది. కళ్లు మండినప్పుడల్లా వచ్చి అడిగేవాడు. ఒక్కసారి కాస్తా మూడు నెలలైంది. సీసాలు ఐదయ్యాయి.

ఓ పొద్దున మరదలు ఫోన్ చేసింది. "వదినా, ఈయన కుడికంట్లో తెల్లగా ఏదో ఉంది."

వెళ్లి చూస్తే నల్లగుడ్డు మీద నువ్వుగింజంత మచ్చ. "నొప్పిగా ఉందిరా?"

"అస్సల్లేదక్కా. మసగ్గా ఉందంతే."

అది పుండేనని ఆవిడకి అర్థమైంది. అంత పుండుకి మనిషి గిలగిల్లాడిపోవాలి. అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

డాక్టరుగారు దూది పోగు సన్నగా మెలిపెట్టి నల్లగుడ్డుకి తాకించాడు. ఎడమకన్ను టక్కున మూసుకుంది. కుడికన్ను కదల్లేదు. "పైపొరలో నరాలు దెబ్బతిన్నాయి. అవి లేకపోతే పుండు మానదు. ఏం చుక్కలు వేశావు?"

తమ్ముడు అక్క వైపు ఒక్కసారి చూశాడు. "మందుల షాపులో ఏదో ఇచ్చారండి."

పక్కనే నిలబడి ఉన్న చుక్కలక్క ఆ అబద్ధాన్ని అలాగే పోనిచ్చింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

మర్నాడు డాక్టరుగారే పిలిచాడు. "ఆ షాపు ఎక్కడో కనుక్కోమ్మా. ఊరుకోకూడదు, ఫిర్యాదు చేద్దాం."

"షాపు కాదండి. నేనే."

ఆయన చెయ్యి చాపాడు. "మందుల బీరువా తాళంచెవి ఇలా ఇవ్వు."

మామూలు మందులకి పుండు లొంగలేదు. అప్పుడు కొత్తరకం చుక్కలు రాశాడు. నరాలు పెరగడానికి ఒంట్లోనే ఉండే ఒక ప్రోటీనుతో చేసినవి. ఫ్రిజ్‌లో దాచాలి, రెండు గంటలకొకటి, రోజుకి ఆరుసార్లు, ఎనిమిది వారాలు వేయాలి. ఆవిడ సెలవు పెట్టి తమ్ముడింట్లో మకాం వేసింది. వేలమంది కళ్లల్లో చూడకుండానే చుక్కలు వేసిన మనిషి, తమ్ముడి కంట్లో వేసేముందు సీసా మీద పేరు రెండుసార్లు చదివేది.

"నన్ను ఒక్క మాటైనా తిట్టరా" అంది ఓసారి.

"అడిగింది నేనేగా అక్కా."

తిట్టి ఉంటే కాస్త తేలికపడేదేమో.

ఆరో వారంలో చుక్క పడగానే వాడు తల విదిల్చాడు. "అబ్బా, మండుతోందే!"

ఆవిడ మంచం పట్టె మీద కూలబడి భోరుమంది. వంటగదిలోంచి మరదలు పరుగున వచ్చింది. "ఏమైంది వదినా?"

"మండుతోందటమ్మా, మండుతోందట!"

పుండు మానింది. మచ్చ మాత్రం ఉండిపోయింది. ఆ కంటికి మునుపటి చూపు రాలేదు. షెడ్డు యజమాని తమ్ముణ్ణి వెల్డింగు మాన్పించి రంగులేసే పనిలో పెట్టాడు. ఆసుపత్రివాళ్లు చుక్కలక్కని చీటీలు రాసే కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

సెలవు రోజుల్లో వెల్డింగు షెడ్లకి వెళ్లి, మొద్దుబార్చే చుక్కలు ఎందుకు వేసుకోకూడదో చెబుతుంది. ఎవరికో జరిగిన కథలా చెప్పదు. "నా తమ్ముడి కంట్లో నేనే వేశాను" అని మొదలుపెడుతుంది.