నుదుటి వెనక పోయిన సిగ్గు

కోసేకి శుభ్రం పిచ్చి అని ఊరంతా వెక్కిరించేది. ఉసూరు నుంచి అడవిలోకి రెండు గంటలు నడిస్తే వచ్చే నలభై గడపల ఊరు అది. ఆ ఊళ్ళో ఆకు దొప్పను కూడా మూడుసార్లు కడిగిగానీ జావ పోయని మనిషి ఆమె ఒక్కతే. ఎవరైనా వాకిట్లో చుట్ట పీక పడేస్తే వాళ్ళ చేతనే తీయించి, ఆ చోటు పేడతో అలికించేది. "దీనికి మొగుడి కన్నా చీపురు మీదే ప్రేమ" అని ఆడవాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. సరిగ్గా అలాంటి మనిషికే అలాంటి కాపురం రాసిపెట్టి ఉంది చూడండి!

ఆమె మొగుడు లచ్చు. రెండేళ్ళ కిందటి దాకా ఊళ్ళో అంత మొహమాటస్తుడు లేడు. అక్కడ తమ్ముడి భార్య కూతురితో సమానం. ఆమెను తాకకూడదు, ఆమెతో పరాచికాలు ఆడకూడదు. లచ్చు అయితే ఆమె ఎదురొస్తుంటే దారి దిగి ముళ్ళలోంచి పోయేవాడు. జీలుగు కల్లు అందరికీ పంచి, మిగిలితే తను తాగేవాడు. నలుగురిలో గట్టిగా తుమ్మడానికి కూడా సిగ్గుపడేవాడు. కోసే అతన్ని చేసుకున్నది ఆ సిగ్గు చూసే.

రెండేళ్ళ కిందట చలికాలంలో జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. వెదురు నిచ్చెన జారింది, నుదురు బండకు కొట్టుకుంది. మంచం మీద ఉసూరు ఆసుపత్రికి మోసుకుపోయారు, మూడు రోజులు కన్ను తెరవలేదు. నాలుగో రోజు లేచి జావ అడిగాడు. పదిహేను రోజులకు కుట్లు ఊడాయి, నెలకు గాయం మానింది, రెండో నెలలో గొడ్డలి పట్టాడు. గాయం మానితే మనిషి మానినట్టే అని ఊరు తేల్చేసింది. కాళ్ళు నడుస్తున్నాయి, నోరు మాట్లాడుతోంది, ఏ చెట్టు ఎవరిదో అన్నీ గుర్తున్నాయి. ఇంకేం జబ్బు?

జబ్బేమిటో కోసేకి మాత్రమే తెలిసింది. పొయ్యి పక్కనే నిలబడి ఒంటేలు పోసేవాడు. కుక్క సగం తిని వదిలిన ముద్ద తీసుకుని నోట్లో వేసుకునేవాడు. ముక్కు చీది అదే చేతిని కూరకుండలో పెట్టేవాడు. ఒకరింట్లో చావుకి పోయి, శవం ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒకనాడు తమ్ముడి భార్య నీళ్ళకు పోతుంటే వెనక నుంచి కేకేసి ఒక మాట అన్నాడు. ఆ మాట కోసే నాకు చెప్పినా నేను ఇక్కడ రాయను. కోసే ఆరోజు వాగులో నడుం లోతున నిలబడి ఒళ్ళు ఎర్రబడేదాకా రుద్దుకుంది. ఆ మాట అన్నది తను కాకపోయినా మురికి తనకే అంటినట్టనిపించింది. రాత్రి అతని పక్కన పడుకున్నా గోడవైపే తిరిగి ఉండేది. ఇది దాచవలసిన సంగతేం కాదు. మొగుడంటే ఆమెకు అసహ్యం పుట్టింది, అంతే.

అంతకంటే రోత ఉసూరు సంతలో. దుకాణాల ముందు కూర్చునే కొందరు పెద్దమనుషులు లచ్చుకి బీడీ ముట్టించి, బూతులు మాట్లాడించి, ఫోన్లలో పట్టుకుని పడీపడీ నవ్వేవాళ్ళు. ఇంట్లో ఆడపిల్లలున్న వాళ్ళే అందరూ! వీళ్ళ నుదుళ్ళు ఏ బండకూ తగల్లేదు మరి.

ఊర్మిల ఊళ్ళో మితానిన్, అంటే మందులిచ్చి గర్భిణులను చూసుకునే కార్యకర్త. ఆమె పోరు పెట్టి ఇద్దరినీ భద్రాచలంలో ఒక డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. డాక్టరు స్కానింగ్ ఫిలిం వెలుగుకి పట్టి, నుదుటి వెనక నల్లగా ఉన్న చోటు చూపించాడు. తన తలమీదే వేలు పెట్టుకుంటూ చెప్పాడు.

"చూడమ్మా, కంటికి కనబడేదాన్ని గుర్తుపట్టేది ఈ వెనక భాగం. మాట ఎక్కువగా ఈ ఎడమ పక్క. కాలూ చెయ్యీ ఆడించేది ఈ నడినెత్తి మీది పట్టీ. అవన్నీ బాగానే ఉన్నయి. ఇదిగో, ఈ నుదుటి వెనకది ఆపే భాగం. మన అందరికీ పాడు ఆలోచనలు వస్తయి. వద్దురా అని ఆపేది ఇదే. నీ మొగుడికి అది దెబ్బతిన్నది."

"తప్పని తెల్వదా సారూ?"

"తెలుసు. అడిగితే తప్పనే చెప్తాడు. చేసేటప్పుడు ఆపుకోలేడు."

"మందేంది?"

"దూకుడు తగ్గే గోలీలు రాస్తా. పోయిన భాగం మళ్ళా రాదమ్మా."

తిరిగొస్తూ కోసే బస్సులో కిటికీ వైపు తిరిగి ఏడ్చింది. లచ్చు ముందు సీటులోని ముసలాయన బట్టతల మీద వేళ్ళతో దరువు వేస్తూ కూర్చున్నాడు.

మొన్న ఎండాకాలం మామిడి పండుం వచ్చింది. ఆ పండుగ చేసి, కొత్తకాయను దేవతకు పెట్టేదాకా ఊళ్ళో ఎవరూ మామిడికాయ కొరకరు. పిల్లలు కూడా రాలిన పిందెను వాసన చూసి వదిలేస్తారు. పండుం పొద్దున వడ్డె, అంటే ఊరి పూజారి, దేవతకు ఏరి తెచ్చిన కాయల బుట్ట దించి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి లచ్చు బుట్ట ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక్కో కాయా కొరికి, పులుపుకి మొహం చిట్లించి, మళ్ళీ బుట్టలో వేస్తున్నాడు. దేవత కాయలన్నీ ఎంగిలి!

మధ్యాహ్నం పటేలు కేసా ఇంటి ముందు ఊరంతా కూర్చుంది. నడుమ బుట్ట. కేసా చెడ్డవాడేం కాదు. లచ్చుకి వరసకి మేనమామ, పడ్డనాడు మంచం మోసినవాళ్ళలో ఒకడు.

"కోసే, సాఫ్ మాట చెప్తన్న విను. వాడికి దెయ్యం పట్టిందని నువ్వు దేవత ముందు ఒట్టేసి చెప్పు. వడ్డె కొడవలి కాల్చి వాడి నుదుటి మీద పెడ్తడు, దెయ్యం దిగుతది. ఊరు మిమ్మల్ని కలుపుకుంటది. దెయ్యం లేదన్నవనుకో, తెలిసే చేసిండన్నట్టు. మీరు ఊరికి ఎడం, ఊరి నిప్పు లేదు, ఊరి నీళ్ళు లేవు."

"అదే నుదురు పగిలింది మామా. దాని మీదనే కాలుస్తరా?"

"మరేం చేద్దాం?"

వెనక నుంచి లచ్చు వదినె అందుకుంది. "వాణ్ణి ఇడిసి మీ అమ్మోళ్ళ ఊరు పో, కోసే. నిన్నెవరూ తప్పు పట్టరు. నీకూ రోతనే గదా!"

నిజమే. ఆ మాటకు కోసే ప్రాణం లేచొచ్చింది. కడిగిన వాకిలి, ఎవరి చెయ్యీ పడని కుండ, ఒంటరిగా పరుచుకునే చాప అన్నీ ఒక్కసారి కళ్ళముందు కదిలాయి. లేచి పోతే చాలు. అటు చూస్తే లచ్చు నేలమీద ఈగను పట్టుకుని రెక్కలు తుంచుతున్నాడు, మూతి పక్కన మామిడి సొన కారి చర్మం కమిలింది. నుదుటి మీద పాత కుట్ల చార. దాని మీదే ఎర్రగా కాలిన ఇనుము పెడతారట.

"నాకు రోతనే," అంది కోసే లేచి. "మీ అందరి కన్న నాకే ఎక్కువ. మీరు చూసి పోతరు, నేను కడుగుత. దెయ్యమని ఒట్టెయ్య. డాక్టర్ సాబ్ చూపిచ్చిండు, లోపల ఆపేది పోయింది. తెలిసి చేసేటోళ్ళెట్లుంటరో చూస్తరా?"

ఎవరూ ఆపేలోపు బుట్టలో చెయ్యి పెట్టి, లచ్చు కొరికిన కాయ తీసుకుని, సరిగ్గా అతని పళ్ళు పడ్డచోటే కొరికింది. చొంగ తడి పెదాలకు తగిలింది. కడుపులోంచి వాంతి గొంతుదాకా వచ్చింది. దాన్ని మింగి, నమిలి, పులుపు కూడా మింగింది.

"నాకు ఏ దెబ్బా తగలలె. తెలిసే తిన్న. కాల్చేదుంటే నన్ను కాల్చుండ్రి."

వడ్డె చేతిలో కొడవలి అలాగే ఉండిపోయింది. ముందు పలికినవాడు లచ్చు. ఈగను వదిలేసి లేచాడు. బిత్తరపోయి పెళ్ళాం వంక చూశాడు. పడ్డ తర్వాత ఆ మొహంలో అంత వెలపరం ఎవరూ చూడలేదు.

"ఏందే అది? ఇంకా పండుం కాలేదు గదనే! దేవత కాయ తింటరా ఎవరన్న? ఛీ, సిగ్గు లేదా నీకు?"

ఒకరిద్దరు కిసుక్కున నవ్వబోయి ఆగిపోయారు. కేసా లేచి బుట్ట మీద తన తువ్వాలు కప్పాడు.

"కొడవలి లోపల పెట్టు," అన్నాడు వడ్డెతో. "వచ్చే పండుం దాకా ఇద్దరూ ఊరికి ఎడం. మళ్ళా అప్పుడు కూసుందాం."

సాయంత్రానికి కోసే కుండలు, చాప, చీపురు మూటకట్టి పొలం గుడిసెకు బయల్దేరింది. ముందు కాలిబాట మీద లచ్చు. ఊరి ఆడవాళ్ళు నీళ్ళు మోసుకుంటూ ఎదురొస్తుంటే అందరికీ వినబడేలా గొంతెత్తి చెబుతూనే ఉన్నాడు, తన పెళ్ళాం దేవత కాయ తిన్నదని, తను వద్దంటున్నా వినలేదని.