అమ్మమ్మ చెప్పిన అంచు

మంగళగిరిలో మా మావయ్య మగ్గం మీద అమ్మమ్మ చీర అంచు కుదరడం లేదు. అంచులోని నెమలి బొమ్మ మెడ దగ్గరికి వచ్చేసరికి వంకర పోతోంది. మూడుసార్లు నేసి మూడుసార్లూ విప్పాడు. ఆ అంచు లెక్క పూర్తిగా తెలిసిన మనిషి అమ్మమ్మ ఒక్కతే. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది.

ఆదివారం పొద్దున్నే భవానీపురంలో మా ఇంటికొచ్చి ఒక సీడీ చేతిలో పెట్టాడు.

"ఆ అంచు లెక్క గవర్నర్‌పేటలో ఒక షాపులో టైపు కొట్టించాం కదమ్మా. నేను చెబుతుంటే అమ్మ పక్కనే కూర్చుంది. టైపు చేసినాయన తలెత్తకుండా విన్నది విన్నట్టు కొట్టేశాడు. కాగితాలు చెదలు తినేశాయి. ఇదీ పోతే ఆ అంచు ఇక మానేస్తాను."

రోజంతా కోడ్ రాసి బతికేదాన్ని. కాఫీ తాగేలోపు ఇచ్చేస్తానన్నాను!

పైతాన్‌లో ఫైలు తెరవమంటే మొదటి గుర్తు దగ్గరే చదవలేనని ఎర్రర్ కొట్టింది. ఇప్పుడు అందరం వాడే యూనికోడ్ కాదది. ఇంగ్లిషు గుర్తుల మీద తెలుగు అక్షరాల బొమ్మలు తొడిగే పాత డీటీపీ ఫాంటు. ఫాంటు లేకపోతే మిగిలేది ఆ గుర్తులే. షాపు ఎప్పుడో మూసేశారు, ఫాంటు పేరు ఎవరికీ తెలియదు.

చదివే పద్ధతి మార్చాను. తెరుచుకుంది గానీ కొన్ని గుర్తులు మాయం. పాత విండోస్ పద్ధతి పెడితే అవీ వచ్చాయి. తెర నిండా డాలర్లు, కొక్కేలు, నెత్తిన చుక్కలున్న ఇంగ్లిషు అక్షరాలు.

"ఇదేం భాషమ్మా?" అన్నాడు మావయ్య.

ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, కాఫీ మాట అన్న నా నోటి మీద. విసురుగా పేజీలు కిందికి తిప్పుతుంటే కనబడింది. ప్రతి పేజీ మొదట్లో అవే గుర్తులు, అదే వరసలో!

"మావయ్యా, ప్రతి పేజీ పైన ఏం రాయించారు?"

"ఏం రాయిస్తాం? శ్రీరామ అని. అది లేకుండా మీ అమ్మమ్మ కాగితం ముట్టనిచ్చేదా?"

కుర్చీలోంచి ఎగిరి లేచాను. తాళం చెవి దొరికింది! ఏ గుర్తు ఏ అక్షరం ముక్కో పట్టిక మొదలుపెట్టాను. మావయ్య తనకు గుర్తున్న వరసలు, "రెండు పోగులు ఎత్తు, ఒకటి వదులు," అని చెబుతుంటే వాటినీ గుర్తులతో జతచేస్తూ పోయాను. ఒక్కో అక్షరం తెలుగులోకి మారుతుంటే ఇద్దరం చప్పట్లు కొట్టాం. అన్నం సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

సాయంత్రానికి ఫైలంతా తెలుగైంది. నెమలి మెడ వరస నేనే పైకి చదివాను.

"నాలుగు ఎత్తు, ఒకటి వదులు. ఒరే, నాలుగు కాదురా, మూడు! నీకెన్నిసార్లు చెప్పాలి?"

గదిలో ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

"మూడు," అన్నాడు మావయ్య. "నేను నాలుగే ఎత్తుతున్నానే." నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ తిట్టు తీసేసి ప్రింటు ఇవ్వనా?" అన్నాను.

"తీశావంటే ఊరుకోను," అన్నాడు. "ఆ ముక్క ఇంకోసారి చదువు."