రెండో గొంతు

ట్వైలా హెన్స్‌లీ ఎప్పుడూ ముందు నిలబడి పాడలేదు. ముందు నిలబడేది చెల్లెలు మార్సీ. ట్వైలా ఆమె పక్కన, కాస్త వెనగ్గా నిలబడి పై స్థాయిలో రెండో గొంతు కలుపుతుంది. మా ఊరు న్యూపోర్ట్‌లో చర్చికి ఉన్నది ఒకటే మైకు. వాళ్లమ్మ ఇద్దర్నీ చిన్నప్పుడే దాని ముందు నిలబెట్టింది. బాస్ గిటార్ పట్టుకుని వెనక నిలబడింది నేను. ఇప్పటికీ నేనే.

మార్సీ పెద్దయ్యాక నాష్‌విల్ వెళ్లిపోయింది. అక్కడి బ్రాడ్‌వే వీధి బార్లలో టూరిస్టులు అడిగిన పాటలన్నీ పాడి గొంతు అరగదీసుకుంది. ట్వైలా ఊళ్లోనే ఉండిపోయి స్కూలు వంటగదిలో పనికి కుదిరింది. భర్త లారీ డ్రైవరు. ఇంట్లో ఉన్న వేళ నిద్రపోతుంటాడు. శనివారాలు ట్వైలా నా వ్యాన్లో ఎక్కి చెల్లెలి పక్కన పాడటానికి నాష్‌విల్ వచ్చేది. దారంతా కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకునేది. మోకాళ్ల నొప్పి.

మార్సీకి నలభై దాటాక ఒక చిన్న కంపెనీ ఆల్బమ్ చేస్తామంది. సగం మన పల్లెల్లో పాడుకునే పాత కంట్రీ పాట, సగం ఇప్పటి కుర్రకారు గెంతే పాప్. స్టీల్ గిటార్, ఫిడేలు ఉంటాయి, వాటికింద కంప్యూటర్ డ్రమ్స్ మోగుతాయి. పాత పాటలన్నిటికీ రెండో గొంతు అక్కదేనని మార్సీ మాట తీసుకుంది. ట్వైలా గొంతు రికార్డులోకి ఎక్కడం అదే మొదలు. చర్చిలో పాస్టరు ఆ కబురు చెప్పేశాడు. వంటగదిలో ఆడవాళ్లు, "ఇక మాకు గ్రేవీ ఎవరు కలుపుతారమ్మా, మహారాణీ?" అని ఆటపట్టించారు. ట్వైలా జుట్టుకి రంగు వేయించుకుని వచ్చింది.

స్టూడియోలో ఆమెను ఒంటరిగా గాజు గదిలో నిలబెట్టి హెడ్‌ఫోన్స్ పెట్టారు. మార్సీ తన భాగం అంతకుముందే పాడేసింది. ఆ గొంతు వింటూ ట్వైలా పాడాలి. ప్రతిసారీ మొదటి మాట ఆలస్యంగా అందుకుంటోంది. రికార్డు చేసే టానర్ మర్యాదస్తుడు, విసుక్కోలేదు.

"మళ్లీ ఒకసారి, మేడమ్."

"బాబూ, ఇది మా చెల్లేనా? ఊపిరి తీసుకోవట్లేదేంటి?"

"ఊపిరి చప్పుళ్లు తీసేశాం మేడమ్. శుభ్రంగా వినిపిస్తుందని."

"శుభ్రంగానా? పీనుగ పాడినట్టుంది."

టానర్ నవ్వి ఆ ఊపిరి చప్పుళ్లని మళ్లీ పెట్టాడు. కొంత నయమైంది గానీ కుదరలేదు. ట్వైలా పాట నేర్చుకున్నది చెల్లెలి నోటిని చూసి. పెదవి ఎప్పుడు విడుతుందో, మెడ నరం ఎప్పుడు బిగుస్తుందో చూసి అందుకోవడమే ఆమెకు తెలుసు. గోడకేసి పాడటం ఆమెకు రాదు.

"ఇద్దర్నీ ఒకే మైకు ముందు నిలబెట్టండి," అన్నాను, అద్దానికి ఇవతల మార్సీ పక్కనుంచి.

నిలబెట్టారు. పాత పాటే, తల్లి నేర్పినది. ఇద్దరూ ఒకరి మొహంలోకి ఒకరు చూస్తూ పాడారు. పాట అయ్యాక టానర్ దాన్ని మళ్లీ వేసి విన్నాడు.

"బాగుంది," అన్నాడు చివరికి. "కానీ మార్సీ, పల్లవిలో పైకి వెళ్లేచోట మీ గొంతు జారింది. సరిచేద్దామంటే రెండు గొంతులూ కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కదిపితే రెండోదీ కదులుతుంది."

"ఇంకోసారి పాడతాం," అంది ట్వైలా.

ఇంకోసారి పాడారు. అక్కడే జారింది. ఆ తర్వాత మరీ జారింది. ముందురోజు రాత్రి పొద్దుపోయేదాకా మార్సీ బార్లో పాడింది. ఆ గొంతులో మిగిలింది అంతే.

"ఉంచేయండి అలాగే," అంది మార్సీ. "జారితే జారింది."

టానర్ నేల చూశాడు. "కంపెనీవాళ్లు ఒప్పుకోరు. పాటే తీసేస్తారు."

ట్వైలా కుర్చీలో కూలబడి మోకాలు నొక్కుకుంది. "అయితే నాది తీసెయ్యండి. రెండు గొంతులూ మార్సీయే పాడుతుంది, విడివిడిగా. అలా చేస్తారుగా ఇప్పుడు?"

"నోర్ముయ్ అక్కా. ఊరంతా తెలిసిపోయింది. అమ్మకేం చెప్తావు?"

"అమ్మకి ఫోన్లో నువ్వెవరో నేనెవరో ఎప్పుడు తెలిసింది గనక?"

మార్సీ నవ్వలేదు. "నేను పాడను."

"ఏమే, ఇంకో ఇరవై ఏళ్లు ఆ బార్లో తాగుబోతులకి పాడతావా? నాకు సోమవారం నుంచీ వంటగది ఉంది. నీకేముందే?"

మార్సీ లేచి హెడ్‌ఫోన్స్ తీసుకుంది. తన పాట విడిగా, ఈసారి గొంతు ఒత్తకుండా, మళ్లీ పాడింది. జారినచోటు టానర్ సరిచేశాడు. ఆ తర్వాత రెండో గొంతు దగ్గర ఆగిపోయింది. ఇన్నేళ్లుగా చెవి పక్కనే వింటున్న పాట. ఒక్క వరసా రాలేదు.

ట్వైలా లోపలికి వెళ్లి పక్కన కూర్చుంది. ఒక్కో వరసే మెల్లగా పాడి వినిపించింది. మార్సీ తప్పింది. ట్వైలా మళ్లీ పాడింది. మధ్యాహ్నం బ్రెడ్డూ చీజూ తెప్పించాం, ఇద్దరూ ముట్టలేదు. సాయంత్రానికి వచ్చింది. టానర్ రెండూ కలిపి వినిపించాడు. బాగానే ఉంది. వినేవాళ్లకి అక్కాచెల్లెళ్లే పాడుతున్నట్టుంటుంది.

ట్వైలా తలొంచుకుని ఆఖరిదాకా వింది.

"మూడో వరసలో తొందరగా పైకెళ్లిపోతున్నావే. నేనలా వెళ్లను. ఇంకోసారి పాడు."

"అలసిపోయానక్కా."

"అలసిపోతే కూర్చుని పాడు," అంటూ ట్వైలా కుర్చీ ఖాళీ చేసింది.