చెంపల మీద చుక్కలు

మా వైపు నన్ను డాక్టరు అంటారు. నేను డాక్టరునేమీ కాదు. జంతుశాస్త్రంలో డిగ్రీ చదివి, మందుల కంపెనీ తరఫున కొన్నాళ్ళు ఊళ్ళు తిరిగి, చివరికి ముత్తుకూరు దగ్గర రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణం పెట్టుకున్నవాణ్ణి. కింద దుకాణం, పైన కాపురం. రైతు ఒక రొయ్యను కవరులో వేసుకొచ్చి కౌంటరు మీద పెడతాడు. నేను దాని తల డొప్ప ఊడదీసి, వెలుతురుకెత్తి చూసి, నాలుగు మాటలు చెప్పి, రెండు డబ్బాలు అంటగడతాను. వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడని సామెత. రొయ్యల లెక్కన చూస్తే నేను ఏనాడో ధన్వంతరినయ్యాను.

రొయ్యల గుంటల మీద ఒక మాట ఉంది. మచ్చ. తెల్లమచ్చ అని పూర్తిగా పలకడానికి కూడా మావాళ్ళకు భయం. రొయ్య డొప్ప లోపల సున్నం చిలకరించినట్టు చుక్కలు కనిపిస్తే అది మచ్చ. దానికి మందు లేదు. రొయ్య మేత మానేస్తుంది, నాలుగైదు రోజుల్లో గుంటంతా చచ్చి తేలుతుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే. తూము మూసేసి, నీళ్ళు బయటికి పోకుండా బ్లీచింగ్ కొట్టి, అందులో ఉన్నదాన్నంతా మనమే చంపేయాలి. ఆ గుంట ఎలాగూ పోయింది, పక్కవాడి గుంటైనా బతకాలి కదా. కొందరు మహానుభావులు మాత్రం కిమ్మనకుండా ఆ నీళ్ళను కాలువలోకి వదిలేస్తారు. తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచినట్టు ఊరి గుంటలన్నీ పోతాయి. అలాంటివాళ్ళను చూసి చూసి నాకు ఒక మొండితనం వచ్చింది. చుక్క కనపడితే ఆగకూడదు, ఎవరి ఏడుపూ వినకూడదు. ఆ మొండితనానికే నాకు మంచి పేరు వచ్చింది.

నిజం చెప్పాలంటే, చుక్కలన్నీ మచ్చ కావు. నీళ్ళలో సున్నం ఎక్కువైనా డొప్ప మీద చుక్కలు పడతాయి. ఏది ఏదో తేలాలంటే నెల్లూరు ల్యాబుకు పంపి ఒక రోజు ఆగాలి. కొన్నేళ్ళ కిందట ఒక రైతు డొప్ప మీద చుక్కలున్న రొయ్యను తెచ్చి నా ముందు పెట్టాడు. నాకంటే పెద్దవాడు, అయినా నన్ను అన్నా అనే పిలిచేవాడు.

"మేత బాగనే తింటా ఉండాయన్నా. ట్రేలో ఒక్క గింజ మిగలడం లా. ల్యాబుకు పంపి చూద్దామా?" అన్నాడు.

"పంపు. రేపటికి నీ గుంటతో పాటు పక్కనోళ్ళ గుంటలు గూడా పోతాయి. నీ ఇష్టం" అన్నాను.

ఆయన బ్లీచింగ్ సంచులు బండి మీద వేసుకుని పోయాడు. తర్వాత గుంట వదిలేసి, కృష్ణపట్నం పోర్టు దగ్గర ఒక గోడౌనుకు వాచ్‌మన్‌గా చేరాడు. ఆ సంగతి నేను మళ్ళీ తలుచుకోలేదు. తలుచుకోవలసి వచ్చింది మా అమ్మాయి బంగారు చేపల వల్ల.

అమ్మాయికి పదకొండేళ్ళు. కుక్కపిల్ల కావాలని ఏడాది పాటు సాధించింది. ఇంట్లో వెంట్రుకలు రాలతాయని మా ఆవిడ ఒప్పుకోలేదు. మధ్యేమార్గంగా నెల్లూరు నుంచి ఒక గాజు తొట్టె, రెండు గోల్డ్‌ఫిష్‌లు తెచ్చాం. ఒకటి నారింజ రంగుది, సన్నగా చురుగ్గా ఉండేది. ఇంకోటి తెల్లది, కాస్త బొద్దు. రెండింటికీ పేర్లు పెట్టింది. ఆ పేర్లు నేను ఇక్కడ రాయను, రాసే హక్కు నాకు లేదు.

తొట్టె పని మొత్తం దానికి నేనే నేర్పాను. మా బోరు నీళ్ళు ఉప్పు, పనికిరావు. కుళాయి నీళ్ళు పట్టి, మందు వాసన పోయేదాకా ఒక రోజు బకెట్లో ఉంచి పోయాలి. మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి. గుంటకు రైతు పుస్తకం పెట్టినట్టే తొట్టెకూ ఒక పుస్తకం పెట్టమన్నాను. పెట్టింది. నేను వందసార్లు చెప్పినా మా రైతులు రాయని పుస్తకం, అది ఒక్కరోజు తప్పకుండా రాసేది. నీళ్ళు ఎప్పుడు మార్చింది, ఎంత తిన్నాయి, ఎక్కడ పడుకున్నాయి, అన్నీ. ఏదైనా అనుమానం వస్తే మెట్లు దిగి దుకాణంలోకొచ్చి, రైతులు ఉన్నా సరే, నా చెయ్యి పట్టి గుంజేది. మా ఆవిడకు నా మాటంటే చెవిన పడే గాలి. రైతులకు నా మాట సగం నమ్మకం, సగం గత్యంతరం లేకపోవడం. నీళ్ళ గురించి, చేపల గురించి నేను ఏం చెబితే అది నిజమని మనసారా నమ్మే మనిషి ఈ లోకంలో అది ఒక్కతే ఉండేది. ఉండేది అనే రాస్తున్నాను.

చలి పోయి ఎండ ముదురుతున్న రోజులు. ఆ ఆదివారం పొద్దున గుంటల మీద నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ గ్లాసుతో తొట్టె ముందు నిలబడ్డాను. నేను వెళ్ళొచ్చిన గట్టు మీద ఆ రోజే ఒక గుంట మచ్చతో తేలిపోయింది. మనసు బాగాలేదు. నారింజ చేప గిర్రున తిరిగి నా వైపు వచ్చింది. దాని చెంపల మీద తెల్లటి చుక్కలు. ముందు రెక్కల అంచున కూడా వరుసగా చుక్కలు.

గ్లాసు కిందపెట్టి భూతద్దం తెచ్చాను. చుక్కలే. సందేహం లేదు.

"మచ్చ" అన్నాను.

చేపకు రొయ్య మచ్చ రాదు. ఆ వైరస్ రొయ్యలకూ పీతలకూ తప్ప చేపలకు అంటదు. ఇది నాకు తెలుసు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ పాతికేళ్ళుగా ఆ మాట నోట్లోంచి వచ్చిందంటే నా బుర్ర ఆగిపోయి చేతులు పని మొదలుపెడతాయి. గుంటల నుంచి నా చేతులతోనే తెచ్చి అంటించానేమో అనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనపడుతుందంటారు. నాకు తెల్లగా కనపడింది.

అమ్మాయి పుస్తకం తీసుకొచ్చింది.

"నాన్నా, ఇది బాగనే తింటా ఉండాది. నిన్న గూడా తినింది, చూడు, రాసినా. ఈ చుక్కలు వచ్చి నాలుగు రోజులయింది. ఒళ్ళంతా లేవు, చెంపల మీదే ఉండాయి."

"నాలుగు రోజులయిందా? మరి చెప్పలేదే!"

"బాగుండాది గదా అని చెప్పలా."

"బాగుంటే దాని ఎంటబడి అట్టా తరుముతుందా?" అన్నాను. నారింజ చేప తెల్లదాన్ని తొట్టంతా తరుముతూ, ముక్కుతో దాని పొట్ట కింద పొడుస్తోంది. "నిలకడ లేదు, చూడు. పెద్దదానికి పొట్ట ఉబ్బింది. దానికీ అంటుకుంది."

"పరీక్ష చేయించొచ్చా నాన్నా? నెల్లూరులో ల్యాబు ఉందన్నావు గదా."

"దీనికి మందు లేదమ్మా. ఆగే కొద్దీ బాధపడి చస్తాయి. మనమే చెయ్యాల."

అది నా ముఖంలోకి చూసింది. ఏడ్చింది, కానీ ఎదురు చెప్పలేదు. నాన్న చెప్పాడు కాబట్టి మందు లేదు. కింద దుకాణంలో ఎడమ పక్క అరలో బ్లీచింగ్ ప్యాకెట్టు ఉంది, తీసుకురమ్మన్నాను. వెళ్ళి తీసుకొచ్చింది. తన చేతులతో తీసుకొచ్చి నా చేతికిచ్చింది. నేనే వెళ్ళి తెచ్చుకోవచ్చు. నాకు కాళ్ళున్నాయి. ఆ ఒక్క పని దానితో ఎందుకు చేయించానో నాకు ఇప్పటికీ సమాధానం దొరకదు. గుంటల దగ్గర నేను పొడి ముట్టుకోను, రైతు చేతే చల్లిస్తాను. అలవాటు.

ఎంతసేపు పట్టిందో రాయను. తేలిగ్గా పోతాయని చెప్పాను, తేలిగ్గా పోలేదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి ఆ వాసనకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇదేం వైద్యమండీ" అని మాత్రం అంది. నేను ఆమె మీద కసురుకున్నాను. పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన గొయ్యి తీసి పూడ్చాను. ఆ రోజు పుస్తకంలో అమ్మాయి ఒక్క ముక్క రాసింది: తెల్లమచ్చ. మందు లేదు. నాన్న చెప్పినాడు.

రెండు వారాలు గడిచాయి. తొట్టె కడిగి ఎండబెట్టాను. అమ్మాయి అడగకపోయినా కొత్త చేపలు కొనిద్దామని స్కూటర్ మీద నెల్లూరు తీసుకెళ్ళాను. పాతవి కొన్న దుకాణమే. ఆ దుకాణాయన పెద్దగా చదువుకున్నవాడు కాదు. లుంగీ కట్టుకుని, గాజు తొట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని వేరుశనక్కాయలు తింటుంటాడు. పాతవి ఏమయ్యాయని అడిగాడు. వృత్తివాడికి వృత్తివాడు చెప్పినట్టు గంభీరంగా చెప్పాను.

"మచ్చ వచ్చింది. పోయినాయి."

ఆయన నమలడం ఆపాడు. "మచ్చలు ఏడ వచ్చినాయి సార్? ఒళ్ళంతానా?"

"చెంపల మీద, ముందు రెక్కల మీద" అంది అమ్మాయి.

"గాజుకేసి రుద్దుకుంటా ఉన్నిందా? రెక్కలు ముడుచుకోనుండిందా?"

"లేదు. బాగా తింటా ఉన్నింది. రెండోదాని ఎంట పడతా ఉన్నింది. దానికి పొట్ట వచ్చింది."

ఆయన నవ్వాడు. పాపం, ఆయనకేం తెలుసు. "అది జబ్బు కాదు పాపా. అది మగది. ఎండలు మొదలయితే మగదానికి చెంపల మీద అట్టా చుక్కలు వస్తాయి, ఆడదాని ఎంట పడతాది. పొట్ట వచ్చిందంటివే, అది గుడ్లతో ఉన్నిందన్నమాట. ఇంకో వారం ఉంటే నీ తొట్టెలో పిల్లలు చూసి ఉంటావు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఎట్టా పోయినాయి సార్, అంత బాగుండే చేపలు?"

నేను ఏదో గొణిగాను. ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు. నిజంగా మచ్చ జబ్బే వచ్చినా భయం లేదట. రాళ్ళ ఉప్పు కాస్త వేసి, నీళ్ళు రోజూ కొంచెం మార్చుకుంటూ, కొద్దిగా వెచ్చగా ఉంచితే పదిరోజుల్లో చాలావరకు పోతుందట. రాళ్ళ ఉప్పు! మా ఇంట్లో ఊరగాయకని తెచ్చిన బస్తా ఉప్పు అటక మీద ఉంది. ఇంటి నుంచి సముద్రం పది మైళ్ళు లేదు. ఉప్పు మధ్య పుట్టి, ఉప్పు గాలి పీలుస్తూ, రెండు చేపలకు గుప్పెడు ఉప్పు వేయడం తెలియని డాక్టరును నేను. వేయాల్సిన అవసరం కూడా లేని చేపలకు విషం పోశాను. అదీ, పెళ్ళికొడుకును రోగి అనుకుని.

అమ్మాయి కొత్త చేపలు వద్దంది. స్కూటర్ ఎక్కాక నా నడుం పట్టుకోలేదు. వెనక ఉండే ఇనుప కడ్డీ పట్టుకుంది. దారి పొడుగునా బొగ్గు లారీలు ఎదురొస్తుంటే, గట్టిగా పట్టుకో తల్లీ అని రెండుసార్లు అన్నాను. పట్టుకునే ఉన్నానంది.

క్షమించమని అడిగాను. ఆ రాత్రి అన్నం దగ్గరే అడిగాను. "పోనీలే నాన్నా" అంది పెద్దమనిషిలా. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, అన్నం ముందు నుంచి లేచిపోయాను. ఆ తర్వాత అది మెట్లు దిగి దుకాణంలోకి వచ్చి నా చెయ్యి గుంజలేదు. జ్వరమొచ్చి నేను మాత్ర ఇస్తే, ఆ అట్ట తీసుకుని తల్లి దగ్గరకు పోయి చూపించి వేసుకుంది. తప్పు పట్టడానికి నాకు ఏం మొహం ఉంది?

మొన్న సోమవారం పొద్దున్న, దుకాణం షట్టరు ఎత్తబోతున్నాను. అమ్మాయి బడి బస్సు కోసం నా పక్కనే నిలబడి ఉంది. గోడౌనుకు డ్యూటీకి పోయేవాళ్ళు రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం చూస్తున్నారు. అందులో ఆ పాత రైతు ఉన్నాడు. వాచ్‌మన్ చొక్కా, చేతిలో క్యారియరు. ఎప్పటిలాగే నాకు చెయ్యెత్తి మొక్కి దగ్గరికి వచ్చాడు.

"బాగుండావా అన్నా? ఈ పాప నీ బిడ్డేనా?" అని, దాని తల మీద చెయ్యి పెట్టాడు. "మీ నాయన చూపంటే చూపు తల్లీ. నా గుంటలో మచ్చ ఒక్క చూపులో కనిపెట్టినాడు. ఆయన చెప్పబట్టే నా పక్కనోళ్ళ గుంటలన్నా మిగిలినాయి. నాదంటే పోయింది, దానిదేముంది."

అమ్మాయి ఆయన చొక్కా వైపు చూసింది. తర్వాత ఆయన ముఖంలోకి చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"అప్పుడు మీ గుంటలో రొయ్యలు మేత తింటా ఉన్నాయా, తాతా?"

"తినేవమ్మా. శుభ్రంగా తినేవి" అన్నాడాయన. బస్సు వచ్చింది, వెళ్ళిపోయాడు.

అది నా వైపు చూడలేదు. నేను షట్టరు ఎత్తాను. ఎడమ పక్క అరలో బ్లీచింగ్ ప్యాకెట్లు వరుసగా ఉన్నాయి.