శుక్రుడు లేవని ఇల్లు

సౌజన్యను మొగుడు వదిలేశాడని మా బజారంతా కోడై కూస్తోంది. అబద్ధం. పక్కింటిదాన్ని, గోడ మీదుగా అన్నీ చూసినదాన్ని, నేను చెబుతున్నాను వినండి. ఆ పిల్ల ఇంకా పుట్టింట్లోనే ఉండడానికి కారణం వాళ్ల నాన్న, నాకు మరిది వరసయ్యే సీతారామాంజనేయులు. ఆయనకున్నది ఒకటే జబ్బు, మూఢం.

సౌజన్య పురిటికి వచ్చి ఆడపిల్లను కన్నది. మూడో నెల వెళ్లగానే అల్లుడు శివనాగరాజు కారేసుకొచ్చాడు.

"శుక్రమూఢం బాబూ. చంటిపిల్లతో పొలిమేర దాటకూడదు," అన్నాడు మామ. అల్లుడు గోంగూర పచ్చడి జాడీతో వెనక్కి.

మళ్లీ వచ్చాడు. "మూఢం పోయింది గానీ, శుక్రుడు ఎదురున్నాడు." ఇంకో జాడీ.

ఆ తర్వాత గురుమూఢం. "గోంగూర చాలు మామయ్యా, వచ్చేసారి మాగాయ పెట్టండి," అని కూతుర్ని ముద్దాడి వెళ్లిపోయాడు అల్లుడు.

చివరికి వియ్యపురాలు మాణిక్యమ్మే దిగింది.

"పాలు మాన్పించి డబ్బాపాలు పట్టండి అన్నయ్యగారూ. ఏడాది తిరక్కుండా మనవడు పుడతాడు."

గుమ్మంలో సౌజన్య మొహం పాలిపోయింది. కాన్పులో రక్తం పోయి, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతున్న పిల్ల.

"మూఢంలో పాలు మాన్పిస్తే పుట్టబోయే మగపిల్లాడికే అరిష్టం చెల్లెమ్మా," అన్నాడు ఆంజనేయులు.

మాణిక్యమ్మ లెంపలేసుకుని కారెక్కింది.

నాకు అక్కడే అనుమానమొచ్చింది. అంతకుముందే అమావాస్య నాడు, నిక్షేపంలాంటి రాహుకాలంలో, ఇదే మనిషి మిర్చి బస్తాలు గుంటూరు యార్డుకు తోలాడు. ఇక ఆగలేక గోడ దగ్గరే నిలేశాను.

"ఏమయ్యా, మిర్చికి లేని మూఢం కూతురికెక్కడిది?"

నవ్వాడు. "ఒంటికి రక్తం పట్టాలి, రెండేళ్లదాకా ఇంకో కాన్పు మాటెత్తొద్దంది డాక్టరమ్మ. ఆవిడ మాట మా వియ్యపురాలు వినదు. శుక్రుడి మాటయితే వింటుంది."

"పాపం, అల్లుడో?"

"ఈసారి ఏ మూఢమో ముందు ఫోన్ చేసి కనుక్కునే బయల్దేరతాడు."

అంతటితో వదిలితే నేను నేనెందుకవుతాను? "అయినా పిల్ల పాలిస్తూనే ఉందిగా. పాలిస్తున్నన్నాళ్లూ ఇంకోటి నిలవదులే. మధ్యలో ఈ మూఢం దేనికి?"

మా అరుగు మీద పేపరు చదువుకుంటున్న మా రెండోవాడు బాలు వంక చూశాడు ఆంజనేయులు.

"మీ పెద్దాడు పాలు మానకముందే ఈ బాలు ఎలా వచ్చాడొదినా?"