సాంచెలు ఆగిన పూట

సిరిసిల్లలో మా ఇల్లు, సాంచెల షెడ్డు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. సాంచెలంటే మరమగ్గాలు. అవి నడుస్తున్నంతసేపూ ఇంట్లో నోరు విప్పడం దండగ. అన్నం పెట్టాలా, ఎవరొచ్చారు, అన్నీ చేతులతోనే. అమ్మ తిట్టడం కూడా చేతులతోనే తిట్టేది. అలాగని తిట్లేం తగ్గేవి కావు.

అలాంటి ఇంట్లో నేను గిటారు పట్టుకున్నాను. కోరుట్లలో మా చిన్నమ్మ ఇంటి పక్కన ఒక అక్క చర్చిలో గిటారు వాయించేది. ఆదివారాలు బస్సెక్కి ఆమె దగ్గరికి పోయి నేర్చుకునేదాన్ని. "చెవిటోని ముంగట శంఖమూదినట్టే. సాంచెల నడుమ నీ గిటారెవలింటరే?" అని అమ్మ బీడీలు చుడుతూ నవ్వేది. నాన్న మాత్రం, "సాంచెలు బందున్ననాడు నాకు ఇనిపియ్యి బిడ్డా" అన్నాడు. ఆయన నన్నేదైనా అడగడం అదే మొదలు. ఏదో మామూలు పాట కాదు, అక్క గిటారు మీద పలికించే గంటలాంటి చప్పుడే నాన్నకు వినిపించాలని పట్టుపట్టాను.

దాన్ని ఆర్టిఫిషియల్ హార్మోనిక్స్ అంటారు. ఎడమచేత్తో తీగను ఒక ఫ్రెట్ దగ్గర, అంటే గిటారు మెడ మీద అడ్డంగా ఉండే సన్న కమ్మీ దగ్గర, నొక్కి పట్టాలి. అక్కడికి పన్నెండు ఫ్రెట్ల అవతల కుడిచేతి చూపుడువేలును తీగకు ఆనీ ఆననట్టు పెట్టి, అదే చేతి బొటనవేలితో మీటి, చూపుడువేలు వెంటనే తీసెయ్యాలి. సరిగ్గా పడితే చిన్న గంట మోగినట్టు సన్నగా పలుకుతుంది.

కరెంటు పోయినప్పుడు సాంచెలు ఆగేవి గానీ, ఆ వేళకు నేను కాలేజీలో ఉండేదాన్ని. నా సాధనంతా ఆ మోతలోనే. వేళ్లు అక్క వేళ్లలాగే కనబడుతున్నాయి గనుక వచ్చేసిందనుకున్నాను. సాంచెల ఇంటి పిల్లకు కళ్లే చెవులు మరి. తీరా కోరుట్లలో వాయిస్తే తీగ 'టప్' మంది.

"గట్ల వత్తకే. నువ్వు ఏళ్లు సూత్తున్నవ్, ఇంటలేవు" అంది అక్క.

నాకు ఉడుకుమోత్తనం వచ్చింది. సిరిసిల్ల దాకా మూతి ముడుచుకునే కూర్చున్నాను.

తర్వాత తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, కాలేజీ ఆగింది, జగిత్యాల నుంచి కొత్త తీగలు తెచ్చుకునే దారీ లేదు. బంద్ రోజున సాంచెలు కూడా ఆగాయి. మా గోడ గడియారానికి చప్పుడుంటుందని ఆ పొద్దున తెలిసింది. చాయ్ తాగుతావా అని అమ్మ అలవాటుకొద్దీ చేత్తోనే అడిగి, తనలో తనే నవ్వుకుంది.

గిటారు తీశాను. టప్. మళ్లీ టప్. నా తప్పు నాకు మొదటిసారి వినబడింది. వేలు కొంచెం తేల్చాను. ఇంకొంచెం తేల్చాను. గంట మోగింది. అమ్మ బీడీల చాట పక్కన పెట్టి వచ్చి, "మల్ల కొట్టు" అంది. అంత సంతోషం నాకు పరీక్ష పాసైనప్పుడు కూడా కలగలేదు.

దీక్షా శిబిరంలో నినాదాలు ఇచ్చి ఇచ్చి గొంతు బొంగురుపోయి నాన్న ఇంటికొచ్చాడు. ఎదురుగా కూర్చోబెట్టుకుని వాయించాను. ఒకదాని వెంట ఒకటి గంటలు, ఒక్కటీ తప్పిపోలేదు. నాన్న నా వేళ్లనే చూస్తూ కూర్చున్నాడు.

"ఏది బిడ్డా, ఇంక షురు జెయ్యవా?" అన్నాడు.

అమ్మ నా మొహం చూడలేదు. సాంచెల మోత ఆయన చెవుల్లోంచి సన్నని చప్పుళ్లను ఎప్పుడో తినేసిందని, మా మాటలు సగం మూతి కదలికను చూసే అందుకుంటున్నాడని నాకు ఆ పూటే తెలిసింది.  అన్నిటికంటే లావు తీగను గట్టిగా మీటాను.

నాన్న తల ఊపాడు. "గిది మంచిగున్నది" అన్నాడు.

బస్సులు నడిచాక కోరుట్ల అక్క ముందు ఆ గంటలు మోగించి మెప్పు పొందాను. ఇంట్లో మాత్రం లావు తీగ మీదే వాయించేదాన్ని. అమ్మ ఆ శంఖం సామెత మళ్లీ ఎప్పుడూ అనలేదు.