కన్ను పెట్టని సింహం

దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. ఇన్నేళ్ళ నర్సు ఉద్యోగంలో ఎంతోమంది పోవడం దగ్గరుండి చూశాను. ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. ఇప్పటికీ నమ్మను. అయినా ఈ ఒక్క సంగతి మింగుడుపడక రాస్తున్నాను.

మాది చిత్తూరు జిల్లా. సిడ్నీలో ఒక ఆసుపత్రి చర్మవ్యాధుల వార్డులో పని చేస్తున్నాను. పొక్కులు కడగడం, పూతమందులు రాయడం, కట్లు మార్చడం నా పని. రోత పుట్టదా అని తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. ఎవరూ ముట్టుకోని ఒంటిని ముట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి కదా.

పోయిన చలికాలంలో రాజమ్మ ఆంటీ మా వార్డుకి వచ్చింది. ఆమెదీ మా జిల్లాయే. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో ఉన్న కూతురికి పురుడు పోయడానికి వచ్చి, ఇక్కడివాళ్ళు షింగిల్స్ అనే సర్పి బారిన పడింది. ఎడమ పక్క వెన్ను దగ్గర మొదలై, పక్కటెముకల మీదుగా రొమ్ము కింద దాకా పొక్కులు. మిగతా ఒంటి మీద కూడా అక్కడక్కడా లేచాయని విడి గదిలో ఉంచారు. సర్పి నుంచి ఆటలమ్మ అంటుకోవచ్చు, కూతురికి చిన్నప్పుడు అది రాలేదట. నిండు గర్భిణి, ఆ గది ఛాయలకి కూడా రాకూడదు. ఇంటికి మోసుకెళ్తానేమోనన్న భయంతో అల్లుడూ రాలేదు. తెలుగులో మాట్లాడటానికి ఆమెకి నేనొక్కదాన్నే దిక్కు.

సర్పి రెండు కొసలూ ఒంటిని చుట్టి కలుసుకుంటే ప్రాణం పోతుందని మావైపు ఒక నమ్మకం. ఆంటీని నొప్పికంటే ఆ భయమే ఎక్కువ తినేసింది.

"బిడ్డని చూడకనే పోతానేమో పాపా. ఈ రెండు తలకాయలూ కలిసేదానికి ఇంకెంత దూరముందో కొంచెం చూసి చెప్పు," అని కట్టు మార్చినప్పుడల్లా అడిగేది. మందు పని చేస్తోందని, అవి కలవవని ఎంత చెప్పినా తలూపేదే గానీ కన్ను మూసేది కాదు.

మా ఊళ్ళో సర్పిని అక్కి అంటారు. అక్కి లేస్తే కుమ్మరి దగ్గరికి వెళ్ళి, దాని కొసల దగ్గర కావిమట్టితో సింహం బొమ్మ రాయించుకుంటారు. మా తాత కుమ్మరి. ఆయనా రాసేవాడు. సింహాన్ని ఎన్నడూ చూడలేదు కాబట్టి ఆయన సింహానికి మేక చెవులుండేవి. అందరూ ఆటపట్టించినా మార్చలేదు. రాత కొన్ని రోజులు సాగేది, ఆఖరి రోజు వరకూ దానికి కన్ను పెట్టేవాడు కాదు. కన్ను పెడితే రాత ముగిసినట్టు. నేను నర్సింగ్ చదువుతుండగానే ఆయన పోయాడు. ఆ బొమ్మతో జబ్బు తగ్గుతుందని నేను ఆనాడూ అనుకోలేదు, ఈనాడూ అనుకోను.

ఒక మధ్యాహ్నం ఆంటీ ఏడుపు చూడలేకపోయాను. ఒంటి మీద గుర్తులు పెట్టడానికి గదిలో ఊదారంగు పెన్ను ఒకటి ఉంటుంది. అది తీసుకుని, వెన్ను పక్కన పొక్కులు ఆగిన చోట, మా తాత రాసినట్టే రాస్తున్నానని చెప్పి గీయడం మొదలుపెట్టాను. తోక, నడుము గీశానో లేదో పక్క గదిలో బెల్లు మోగింది. మళ్ళీ వస్తానని వెళ్ళాను. ఆ గొడవలో పడి రాలేకపోయాను. మర్నాటి నుంచి మా పిల్లాడికి జ్వరం. రెండు రోజులు ఇంట్లోనే ఉండిపోయాను.

తిరిగి డ్యూటీకి వెళ్ళగానే గ్రేస్ అనే ఫిలిప్పీన్స్ నర్సు నన్ను ఆపింది. ఆంటీకి హెన్నా ఎవరు పెట్టారని అడిగింది. ముందురోజు సాయంత్రం తను కట్టు మార్చినప్పుడు లేదట. పొద్దున విప్పితే ఉందట.

వెళ్ళి చూశాను. నా ఊదా గీతలు చెరిగిపోయాయి. వాటి మీద ఎర్రటి కావితో సింహం. ముందువైపు కొస దగ్గర ఇంకొకటి. రెండింటికీ మేక చెవులు. రెండింటికీ కన్ను లేదు. వేలితో తాకితే గ్లౌజుకి పొడి అంటింది. భయం వేసింది, దాచడం దేనికి.

మేక చెవుల మాట నేను ఆంటీతో అనలేదు. వెన్ను దాకా ఆమె చెయ్యి వెళ్ళదు. ఆ గదికి ఎవరూ రాలేదని డెస్క్ దగ్గర చెప్పారు. గదంతా వెతికాను, చిటికెడు మట్టి లేదు.

"నువ్వే కదా పాపా రాసింది?" అంది ఆంటీ. "గోడ పక్కకి తిరిగి పడుకోనుంటిని. పలక్కుండా రాసి పోతివి. చెయ్యి చల్లగా ఉండె. గ్లౌజు వేసుకోలేదేమబ్బా అనుకుంటి. ముగించి పో పాపా, నడాన ఇడిస్తే మంచిది కాదు."

పుండు పక్కన మట్టి ఉండకూడదు, తుడవాల్సిందే. సెలైన్‌లో తడిపిన గుడ్డ పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తర్వాత ఊదా పెన్ను తీసి, కన్ను కోసం మట్టి అంటకుండా వదిలిన ఆ కొంచెం చర్మం మీద చుక్క పెట్టాను. ముందువైపు సింహానికీ పెట్టాను. అప్పుడు తుడిచాను. గుడ్డ ఎర్రబడింది. మా తాత వాకిట్లో వానకి తడిసిన మట్టి వాసన వచ్చింది. తుడుస్తుండగానే ఆంటీ నిద్రపోయింది.

కొసలు కలవలేదు. అది మందు చేసిన పనే, ఎవరు అడిగినా అదే చెప్తాను. ఆంటీ ఇల్లు చేరింది, మనవరాలు పుట్టింది. కానీ నొప్పి వదల్లేదు. ఎడమ పక్క చీర తగిలినా ఓర్చుకోలేకపోతోందట. పిల్లను ఎత్తుకుని రెండు నిమిషాలకే దించేస్తోందని కూతురు ఫోన్లో ఏడ్చింది.

మా అమ్మకి ఇదంతా చెప్పాను. "మొదలుపెట్టి ఇడిసేస్తే మీ తాత ఊరుకుంటాడా," అని మాత్రం అంది.

సింహాలను తుడిచిన మర్నాడు రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు, ఆంటీ వెన్ను పక్కన మిగిలిన ఊదా చుక్క చూసి ఇదేమిటని అడిగాడు. నేను పెట్టిందేనని చెప్పాను. ఆ చుక్కకి నేను జవాబు చెప్పగలను. దాని చుట్టూ అంతకుముందు ఏముందో, అది ఎవరి చెయ్యో, ఇప్పటికీ చెప్పలేను.